డీజిల్ కారు మైలేజీ: ఎక్కడ పోతోందో ముందు పట్టుకోండి

"లీటరుకు ఇరవై రెండు ఇచ్చే బండి, ఇప్పుడు పదిహేడు దాటడం లేదు." కర్నూలు నుంచి హిందూపురం దాకా ఏ మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా వినిపించే మాట ఇది. వెంటనే ముగ్గురు మూడు మందులు చెప్తారు. ఒకరు ఇంజెక్టర్లు (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి) పోయాయంటారు, ఇంకొకరు రీమ్యాప్ (ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము మార్చడం) చేయించమంటారు, మూడో ఆయన ట్యాంకులో ఏదో సీసా పొయ్యమంటారు. ఆ పదిహేడు నిజమైన లెక్కేనా అని మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగైదేళ్లు తిరిగిన డీజిల్ బండికి కొత్తగా మైలేజీ పెంచే సామాను దాదాపు ఏమీ లేదు. కొన్నప్పుడు ఉన్న మైలేజీని మసి, టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు, మన కుడికాలు కలిసి తింటుంటాయి. దాన్ని వెతికి వెనక్కి తెచ్చుకోవడమే చేయగలిగిన పని. ఇక్కడ రాసేది ఎక్కువగా 1.3 మల్టీజెట్ ఇంజను ఉన్న స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలకు, హ్యుందాయ్ సీఆర్‌డీఐ బండ్లకు సరిపోతుంది. బొలెరో, ఇన్నోవాలకు సూత్రం అదే, అంకెలు వేరు.

కొలత సంగతి. మీటరు బోర్డు మీద కనిపించే మైలేజీని నమ్మకండి. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో చూసి ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) వేసే అంచనా అది, కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు లెక్క ఒక్కటే నికరం. డీజిల్ నురగ పెడుతుంది కాబట్టి గన్ను టక్కుమని ఆగినంత మాత్రాన ట్యాంకు నిండినట్టు కాదు. నురగ దిగాక నెమ్మదిగా పట్టించి, రెండోసారి ఆగినప్పుడు ఆపమనండి. అదే బంకు, వీలైతే అదే పంపు, బండి అదే వైపు తిరిగి నిలబడాలి. రెండు ఫిల్లింగుల మధ్య కనీసం 25 లీటర్లు కాలాలి. పది లీటర్లకే లెక్క వేస్తే ఒక లీటరు తేడా వచ్చినా పది శాతం తప్పు. ముప్పై లీటర్ల మీద అదే లీటరు మూడు శాతమే.

తెల్లారుజామున కొట్టిస్తే డీజిల్ చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందనే మాట మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పది డిగ్రీల వేడికి డీజిల్ పెరిగేది ఒక శాతం లోపే. బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది కాబట్టి అందులో డీజిల్ వేడి పొద్దునకీ మధ్యాహ్నానికీ అంతగా మారదు.

టైరు సైజు మార్చి ఉంటే ఓడోమీటరూ అబద్ధం చెప్తుంది. 165/80 ఆర్14 టైరు ఎత్తు సుమారు 620 మి.మీ. దాని స్థానంలో 195/65 ఆర్15 వేస్తే 634 మి.మీ. దాటుతుంది. మీటరు వంద కిలోమీటర్లు చూపించేసరికి బండి నిజంగా నూటరెండుకు పైగా తిరిగి ఉంటుంది. మైలేజీ తగ్గిందని బాధపడే వాళ్లలో కొందరికి పోయింది కాగితం మీదే. వెడల్పు టైరు, బరువు అల్లాయ్ వీలు వల్ల పోయేది మాత్రం నిజమైన నష్టం.

మన ప్రాంతంలో ఇంకో మెలిక, ఎత్తు. అనంతపురం సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 920 మీటర్ల దగ్గర ఉంటుంది. నలుగురు ఎక్కిన చిన్న కారు 1,300 కిలోలు అనుకుందాం. దాన్ని ఆ ఎత్తుకు చేర్చడానికే అర లీటరుకు పైగా డీజిల్ కావాలి. రెండువందల కిలోమీటర్ల దారిలో పది లీటర్లు తాగే బండికి ఇది ఐదు శాతం దాటుతుంది. తిరుగుదారిలో అందులో చాలా భాగం వెనక్కి వస్తుంది. కడప నుంచి మదనపల్లె వెళ్లినా ఇదే కథ: కడప 138 మీటర్లు, మదనపల్లె ఏడువందలకు దగ్గర. కాబట్టి ఒకవైపు ప్రయాణంతో మైలేజీ తేల్చొద్దు, పోయి వచ్చాకే లెక్క.

గాలి కూడా అంతే. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండల మీద గాలిమరలను అడిగితే చెప్తాయి. గుత్తి నుంచి బళ్లారి వైపు 80లో పోతూ ఉంటే, ఎదురుగాలి 20 కి.మీ. ఉందనుకోండి, బండికి తగిలే గాలి 100 కి.మీ. వేగంతో తగిలినట్టే. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80కీ 100కీ మధ్య అది 56 శాతం ఎక్కువ. ఆషాఢంలో ఒకవైపు మాత్రమే కొలిచి ఇంజెక్టర్లు విప్పించిన వాళ్లున్నారు.

సరే, కొలత సరిగ్గా వచ్చింది, తగ్గిన మాట నిజమే. అప్పుడు చౌకగా, చేతికి అందేవాటితో మొదలుపెట్టాలి.

టైర్లలో గాలి. డ్రైవరు డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఆ అంకె టైరు చల్లగా ఉన్నప్పటిది. మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, మే నెల మధ్యాహ్నం హైవే మీద నుంచి దిగి నేరుగా పంచర్ షాపులో గేజీ పెట్టిస్తారు. వేడికి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. "ఎక్కువుందన్నా" అని షాపతను ఆ గాలి తీసేస్తాడు. మర్నాడు పొద్దున ఆ టైరులో ఉండాల్సినదానికన్నా అంత తక్కువ ఉంటుంది. మైలేజీ పోవడం అటుంచి, గాలి తక్కువున్న టైరు పక్కగోడ మడతపడుతూ వేడెక్కి, కాలే రోడ్డు మీద పగిలే ప్రమాదం ఎక్కువ. సొంత గేజీ ఒకటి కొనుక్కుని పొద్దున్నే ఇంటి దగ్గర చూసుకోండి. స్టిక్కరు మీద రెండు పీఎస్ఐ ఎక్కువ పెట్టినా ఫరవాలేదు, అంతకు మించి పెంచితే టైరు నడిమి భాగం అరుగుతుంది, వానలో పట్టు తగ్గుతుంది. నైట్రోజన్‌తో మైలేజీ రాదు. దిగడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

బ్రేకులు. చాలామంది చూడనిది ఇదే. ఖాళీ రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు పోయి, చివర గట్టిగా బ్రేకు వెయ్యకుండా బండిని తనంతట ఆగనివ్వండి. దిగి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కును తాకకండి. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే కాలిపర్ (డిస్కు మీద బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను పట్టేసింది. విప్పి, శుభ్రం చేసి, కాలిపర్ల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు వీల్ గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. వెనక డ్రమ్ములున్న బండికి హ్యాండ్‌బ్రేక్ మరీ బిగించినా ఇదే బాధ: జాకీ ఎత్తి తిప్పితే చక్రం రెండు మూడు చుట్లు స్వేచ్ఛగా తిరగాలి.

థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి కూలెంటును రేడియేటరుకు వదిలే వాల్వు) దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మన సీమ జబ్బు. ఎండలకు బండి వేడెక్కుతుందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు పాత అంబాసిడర్ల నాటిది. కామన్ రైల్ డీజిల్‌కి (ఇంజెక్టర్లన్నింటికీ 'రైల్' అనే ఒకే పైపు నుంచి ఎక్కువ ప్రెజరుతో డీజిల్ అందే ఇంజనుకు) అది విషం. ఇంజను 80 నుంచి 90 డిగ్రీల మధ్య ఉండాలని ఈసీయూ లెక్క. అరవై దగ్గరే ఉంటే ఇంకా వేడెక్కలేదనుకుని డీజిల్ ఎక్కువ పోస్తుంది. ఆయిలు చిక్కగానే ఉంటుంది, బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి అయితే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరులో, ఆ మసి కాలే ప్రక్రియ మొదలే కాదు. థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయినా ఫలితం ఇదే. కొన్ని కార్ల మీటరులో ముల్లు చాలా వెడల్పు పరిధిలో నడిమినే నిలబడుతుంది, అది చూసి తేల్చుకోలేరు. ఫోనుకు కలిసే బ్లూటూత్ ఓబీడీ రీడరు (బండి కంప్యూటరులోని అంకెలు చదివేది) పెట్టుకుంటే అసలు అంకె తెలుస్తుంది. హైవే మీద పావుగంట పోయాక 80 దాటకపోయినా, గువ్వలచెరువు ఘాటు దిగుతుంటే 70 కిందకు జారినా థర్మోస్టాట్ మార్చండి. బండి నిజంగానే వేడెక్కుతుంటే వెతకాల్సింది వేరే చోట: రేడియేటరు ముందు పేరుకున్న దుమ్ము, ఫ్యాను, రేడియేటరు మూత, కూలెంటుకు బదులు పోసిన బోరు నీళ్లు.

ఆ దుమ్ము గురించి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్ల మధ్య రోజూ తిరిగే బండికీ, కడప టౌనులో తిరిగే బండికీ ఎయిర్ ఫిల్టరు లెక్క ఒకటి కాదు. సర్వీసు పుస్తకంలో ఉన్న కిలోమీటర్లలో సగానికే విప్పి చూడాలి. అయితే మైలేజీ తగ్గడానికి ఎయిర్ ఫిల్టరే కారణమనే మాట పెట్రోలు కార్బురేటర్ల రోజులది. ఫిల్టరు బాగా మూసుకుపోతే డీజిల్‌లో మొదట తగ్గేది పికప్పు, ఆ తర్వాతే మైలేజీ. భయపడాల్సింది ఫిల్టరు పెట్టె సరిగా మూసుకోకపోవడం, రబ్బరు అంచు చిరగడం. అక్కడ దూరిన రాతి దుమ్ము టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను) రెక్కల్నీ, సిలిండరు గోడల్నీ గీస్తుంది. ఫిల్టరును గాలితో శుభ్రం చేస్తే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెజరుతో ఊదాలి. నూనె పూసిన కాటన్ స్పోర్ట్స్ ఫిల్టర్లు మన దుమ్ముకు వద్దు. సన్న పొడిని ఆపలేవు, పైగా ఆ నూనె పోయి ఎయిర్ ఫ్లో సెన్సరు మీద పేరుకుంటుంది.

నల్ల పొగ, పికప్పు తగ్గడం, మైలేజీ పడిపోవడం మూడూ ఒకేసారి వస్తే ఇంజెక్టర్ల కంటే ముందు టర్బో పైపులు చూడండి. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపుల్లో చిన్న చీలిక వచ్చినా, క్లిప్పు వదులైనా, కొలిచిన గాలి బయటికి పోతుంది. డీజిల్ మాత్రం ఆ గాలికి సరిపడా పడుతూనే ఉంటుంది. కీలు దగ్గర నూనె తడి కనిపించినా, కాలు తొక్కగానే ఈల శబ్దం వచ్చినా అక్కడే అనుమానించండి. పరీక్ష సులువు: ఎయిర్ ఫిల్టరు వైపు మూసి, అర బార్ గాలి పెట్టి, పైపుల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చెప్తాయి. పైపు మారిస్తే అయిపోయేదానికి ఇంజెక్టర్ల బిల్లు కట్టొద్దు.

తర్వాత ఈజీఆర్ వాల్వు, అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపేది. టౌనులో తక్కువ ఆర్‌పీఎం మీద నడిచే బండికి 50–60 వేల కిలోమీటర్లకు మసి గట్టిగా పడుతుంది. విప్పి కార్బ్ క్లీనర్ స్ప్రేతో నానబెట్టి, చెక్కపుల్లతోనో ప్లాస్టిక్ బ్రష్షుతోనో గీకాలి. ఇనుప బ్రష్షు వాడితే వాల్వు కూర్చునే చోట గీతలు పడతాయి. మోటారు ఉన్న వైపు ద్రవం దిగకూడదు, పాత గాస్కెట్టు మళ్లీ వాడకూడదు. ఈజీఆర్‌కు రేకు పెట్టి మూసేసే వాళ్లు ఊరికొకరు ఉన్నారు. కాలుష్య నియంత్రణ భాగాన్ని పని చెయ్యకుండా చేయడం చట్టరీత్యా తప్పు, చాలా బండ్లలో చెక్ ఇంజన్ లైటు కూడా వెలుగుతుంది. ఆ దారి నేను చెప్పను.

ఇంజెక్టర్లు ఆఖరున. విప్పే ముందు లీక్ ఆఫ్ పరీక్ష అడగండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజనును కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడుపుతారు. నాలుగూ దాదాపు సమానంగా నిండాలి, ఒకటి మిగతావాటికి రెట్టింపు నిండితే అదే దోషి. ఆ తిరిగొచ్చే డీజిల్ ట్యాంకులోకే పోతుంది కాబట్టి అది కారిపోవడం కాదు. రైలులో ప్రెజరు నిలవక పంపు ఎక్కువ కష్టపడుతుంది, వేడి ఇంజను స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. ఇంజెక్టరు మొదట్లో తారులాంటి నల్ల ముద్ద కనిపిస్తే కింది రాగి వాషరు లీకవుతోందని అర్థం. వాషరు మార్చేటప్పుడు అది కూర్చునే గాడి పూర్తిగా శుభ్రం చెయ్యకపోతే మళ్లీ నెలకే వస్తుంది.

ఇంజను ఆయిలు కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యండి. 5డబ్ల్యూ-30 చెప్పిన చోట, ఎండలకు మంచిదని 15డబ్ల్యూ-40 పోస్తే ఒకటి రెండు శాతం అక్కడే పోతుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటకూడదు.

ఇక కాలు సంగతి. కర్నూలు నుంచి అనంతపురం దాదాపు 150 కిలోమీటర్లు. సగటున వందలో పోతే గంటన్నర, ఎనభైలో పోతే ఇంకో ఇరవై నిమిషాలు చిల్లర. ఆ ఇరవై నిమిషాలు మిగుల్చుకోవడానికి సుమారుగా ఆరో వంతు డీజిల్ ఎక్కువ ఖర్చవుతుంది. స్విఫ్ట్ లాంటి బండికి 80–85, బొలెరో లాంటి పెట్టె ఆకారానికి 70–75 దగ్గర లాభం బాగుంటుంది. మరీ తగ్గించి అరవైలో పోతే ఇంకా వస్తుంది గానీ, నాలుగు వరుసల రోడ్డు మీద లారీల కంటే నెమ్మదిగా పోవడం ప్రమాదం.

గేర్లు మార్చడంలో మెత్తగా పోవడమే పొదుపు అనుకుంటారు. డీజిల్‌కి అది సగం నిజం. పాములా పాకుతూ మూడో గేరులో ఎక్కువసేపు ఉండటం కంటే, పెడలు సగానికి పైగా తొక్కి, 2,000–2,200 ఆర్‌పీఎం దగ్గర గేర్లు మార్చుకుంటూ త్వరగా పై గేరుకు చేరడం మేలు. మల్టీజెట్ టార్కు గరిష్ఠంగా వచ్చేది 2,000 దగ్గరే. అలాగని 1,300 ఆర్‌పీఎంలో ఐదో గేరు వేసి, మెట్ట ఎక్కుతుంటే గుర్రుగుర్రుమనిపించడం కూడా తప్పు: టర్బో లేవదు, మసి పెరుగుతుంది, క్లచ్చుకూ ఫ్లైవీలుకూ దెబ్బ. డోన్ దగ్గర ఎత్తుల్లో నాలుగుకు దింపడానికి మొహమాటపడకండి.

దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యడం మన డ్రైవర్లకు పెద్ద జబ్బు. గేరులో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా వదిలితే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, ఆ సమయంలో పడే డీజిల్ సున్నా. న్యూట్రల్‌లో ఉంటే ఐడిల్‌కు గంటకు అర లీటరు చొప్పున పోస్తూనే ఉండాలి. ఘాట్లలో బ్రేకుల మీద భారం కూడా. ఇంజనే ఆపేసి దొర్లించే వాళ్లకు ఒక మాట: రెండు మూడు తొక్కులకే బ్రేకు బూస్టరులో వ్యాక్యూమ్ అయిపోతుంది. తాళం తీసేస్తే స్టీరింగు లాకు పడుతుంది. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్‌గేట్లు అర కిలోమీటరు ముందే కనిపిస్తాయి, అక్కడే కాలు తీసి గేరులోనే దొర్లనివ్వండి. లారీ వెనకాల ఎడం ఉంచుకుంటే మాటిమాటికీ బ్రేకు అక్కర్లేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ అంతకుముందు కొన్న వేగాన్ని పారబోసినట్టే.

రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపండి. హైవే మీద గట్టిగా లాగి వచ్చాక మాత్రం టర్బో చల్లబడటానికి అర నిమిషం ఐడిల్ ఇచ్చి ఆపండి. పొద్దున పది నిమిషాలు వేడి చేయడం అనవసరం. అర నిమిషం చాలు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోతే ఇంజను త్వరగా వేడెక్కుతుంది.

ఏసీ వద్దని నలభై రెండు డిగ్రీల్లో ఎవరికీ చెప్పను. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడిపి, వేడి గాలి పోయాక ఏసీ వేసి, లోపలి గాలే తిరిగేలా రీసర్కులేషన్ పెట్టండి. కండెన్సరును ఏడాదికి రెండుసార్లు తక్కువ ప్రెజరు నీళ్లతో కడిగించండి. కార్ వాష్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేకులు వంగి గాలి ఆగిపోతుంది. ఆదోని వైపు పత్తి సీజనులో దాని మీద దూది పొరలా పడుతుంది, అది చేత్తో తీయాల్సిందే.

అదనపు సామాను గురించి ఎక్కువ రాయను. పైన క్యారియరు ఉంటే విప్పేయండి. ఆయిలు మార్చినప్పుడు మెకానిక్ విప్పి పక్కన పడేసిన కింది ప్లాస్టిక్ కవరు తిరిగి పెట్టించండి. అది ఉన్నది దుమ్ముకే కాదు, బండి కింద గాలి సాఫీగా పోవడానికి కూడా. ముందు గ్రిల్లు మూసేసే చిట్కా చలి దేశాలది, ఇక్కడ పనికిరాదు. డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాలు దండగ. నీళ్ల నుంచి హైడ్రోజను తీసే కిట్టుకు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటరే, ఆల్టర్నేటరును తిప్పేది అదే డీజిల్. స్టెప్నీ దించేసి బరువు తగ్గించే ఆలోచన మాత్రం మానుకోండి, ఆత్మకూరు–దోర్నాల అడవిలో పంచర్ షాపు దొరకదు.

ట్యూనింగ్ బాక్సు పెట్టాక మైలేజీ పెరిగిందని చూపించే వాళ్లు మీటరు బోర్డు చూపిస్తారు. ఆ బాక్సు చేసేది రైల్ ప్రెజరు తక్కువుందని ఈసీయూను నమ్మించడం. ఈసీయూ ప్రెజరు పెంచుతుంది, నిజానికి ఎక్కువ డీజిల్ పడుతుంది, బోర్డు మీద లెక్క మాత్రం పాతదే. అందుకే ఫుల్ ట్యాంకు లెక్కలో ఆ పెరుగుదల కనిపించదు. రీమ్యాప్ దీనికంటే మెరుగైన పనే. అయినా పెరిగిన టార్కును వాడుకోకుండా ఎవరూ ఉండరు కాబట్టి మిగిలేది ఏమీ ఉండదు, పాత క్లచ్చు జారడం అదనం. వారంటీ, ఇన్సూరెన్సు చిక్కులు సరేసరి.

బీఎస్6 బండి కొన్నవాళ్లకు ఒక ప్రత్యేక సంగతి. డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజను అప్పుడప్పుడు అదనంగా డీజిల్ పోస్తుంది. ఆ సమయంలో ఐడిల్ కొంచెం పెరుగుతుంది, ఆపాక కూడా ఫ్యాను తిరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. సగంలో ఇంజను ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరుగుతూ పోతుంటే సంతోషించే విషయం కాదు, ఆయిలు మార్చేయాలి. అందులో పోసేది కూడా డీపీఎఫ్‌కు తగిన తక్కువ బూడిద రకమే కావాలి. ఇంటి నుంచి బడికి, బజారుకు మాత్రమే తిరిగే బండిని వారానికోసారి హైవే ఎక్కించి, మూడో నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. ఆ వేళ డీపీఎఫ్ లోపల వేడి ఆరువందల డిగ్రీలకు చేరుతుంది. అందుకే కోతల కాలంలో రైతులు రోడ్డు మీద నూర్పిడికి పరిచిన జొన్న, కొర్ర కంకుల మీదుగా పోవాల్సి వస్తే జాగ్రత్త. వెంటనే బండి ఆపకుండా దాటి, కొంత దూరం పోయాక దిగి కిందకు వంగి చూడండి. యాక్సిలుకు, సైలెన్సరుకు గడ్డి చుట్టుకుని ఉంటే కట్టెతో లాగెయ్యండి, నడిచే బండికి కింద నిప్పంటుకోవడం చాలావరకు అలాగే మొదలవుతుంది.